సైకిల్ మీద ఆశీర్వాదం

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో ఒక కోడి ఉంటే బయట పది ఉన్నాయని చెప్పుకుంటూ పెరిగినవాణ్ని. నేను బరువు చెప్పినా, దూరం చెప్పినా, జనాన్ని లెక్క చెప్పినా మీరు కొంత కోసేసుకుని చదువుకోండి. నాకేమీ బాధ లేదు.

మాది నర్మెట్ట అవతలి ఊరు. బస్సు దిగి నడిస్తే ఇల్లు చేరేలోపు కొత్త చెప్పులు అరిగి పాతవైపోయేవి. ఊరి చివర మా వాడ, వాడ చివర పెంకుల మందిరం. మేము దాన్ని గుడి అనే అనేవాళ్లం. అవ్వ చనిపోయిన నాటికి ఆ గుడికి అయ్యగారు లేరు. సమాధి చేయాలంటే జనగామ నుంచి ఎవరో ఒక పాస్టరు రావాలి. కబురు పంపాం. నలభై పగళ్లు, నలభై రాత్రుళ్లు కురిసినంత వాన ఆ ఒక్క రోజే కురిసింది. ఎవరూ రాలేదు. రెండో రోజు సాయంత్రం నాయినే గుంత పక్కన నిలబడ్డాడు. ఆయనకు చదువు లేదు, నోటికి వచ్చిన ప్రార్థన ఒక్కటే, అన్నం తినేముందు చేసేది. అదే చేసి మట్టి వేశాడు. నాకు ఏడుపు రాలేదు. పాదాలు తడిసి తెల్లబడ్డాయని మాత్రం గుర్తుంది.

ఆ రోజు నుంచి నాయినకు ఒకటే పట్టుదల, మా ఊళ్లో అయ్యగారు కాపురం ఉండాలి. ఊళ్లకు అయ్యగార్లను పంపే పెద్దయ్యగారు మానుకోటలో ఉండేవారు, ఆయన గుమ్మం ముందు ఆరేళ్లు నిలబడ్డాడు. ఆ గడపలో ఆయన పాదాల గుర్తులు పడ్డాయంటాను నేను. చివరికి పెద్దయ్యగారు ఒప్పుకుని ఒక షరతు పెట్టారు: "ఆదివారం మంది నిండుగ రావాలె. అయ్యగారి తిండి మీరే చూసుకోవాలె. మంది పలచబడితే ఆయనను వేరే ఊరికి పంపిస్త."

అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు వచ్చి కాపురం పెట్టారు. వాళ్ల తిండికి మా దగ్గర పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంటి ఆడమనిషి బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న మట్టి గురిగిలో వేసేది. ఆదివారం ఆ గురిగి గుడికి తెచ్చి బల్ల ముందు గంపలో పోసేది. గురిగి మోసుకొచ్చిన మనిషి పాట, ప్రార్థన, ప్రసంగం అయ్యేదాకా కూర్చునేది. చివర అయ్యగారు రెండు చేతులూ ఎత్తి ఆశీర్వాదం చెప్పేవారు. అది కాకముందు లేస్తే తప్పు. అది అయ్యాక కూర్చున్నవాణ్ని నేను చూడలేదు.

శనివారం శనివారం నాయిన వాడా, చుట్టుపక్కల మూడు పల్లెలూ తిరిగి గుర్తు చేసేవాడు. "చెల్లె, రేపు ఐతారం. పిడికెడు తీస్తున్నవా?" అనేవాడు. "తీస్తున్ననే, నీ పిడికిలంత తియ్యమంటవా, నా పిడికిలంతనా?" అని లోపలి నుంచి జవాబు వచ్చేది. ఆయన పిడికిలి తాటికాయంత ఉండేది మరి.

ఎనభైల్లో ఒకసారి వాగు దాటుతూ జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పినా కాలు వంగలేదు. శనివారం గుమ్మంలో కూర్చుని దారి వైపు చూస్తుంటే నేనే అన్నాను.

"నాయినా, నువ్వు పోకు. నీ బదులు మిషన్ తిరుగుతది."

నేను మిషన్ల మనిషిని. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచి బడులు మూసేస్తే జనగామలో రేడియోలు బాగుచేసే దుకాణంలో వెళ్లి కూర్చున్నాను. బడులు తెరిచారు, నేను లేవలేదు. ఆ దుకాణంలోంచి పాత టేపురికార్డరు, మైకుసెట్టు, గాడిద తల పట్టేంత హారను తెచ్చాను. బ్యాటరీ మాత్రం మా ఊరి పటేలు ట్రాక్టరుది. ఆయన హిందువు, పైగా ఊరందరినీ ఏడిపించే మనిషి.

"ఏందిరా, మీ దేవుడు నా బ్యాటరీ మీద బతుకుతడా?" అన్నాడు.

"శనివారం ఒక్కరోజే పటేలా. మిగతా రోజులు ఆయన సొంతంగనే బతుకుతడు."

నవ్వి ఇచ్చాడు. దున్నపోతంత బరువు. సైకిల్ క్యారేజీ మీద కడితే ముందు చక్రం గాల్లోకి లేచింది.

గుడిలో కూర్చుని అయ్యగారితో టేపు నింపాము. ఒక పాట, ఒక ప్రార్థన, పిడికెడు బియ్యం గురించి రెండు మాటలు. ఇంకా కొంత టేపు మిగిలింది. ఖాళీగా వదలడం నాకు మనసొప్పలేదు.

"ఇంకా జాగ ఉన్నది అయ్యగారూ."

"ఏం చెప్పమంటవ్ మరి?"

"ఆఖర్న చేతులెత్తి చెప్తరు గద, గది చెప్పుండ్రి."

ఆయన టేపురికార్డరు ముందు లేచి నిలబడి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి నిండు మనసుతో చెప్పారు. నేను మీట నొక్కి ఆపాను. పనితనం చూసుకుని నాకు గర్వంగా కూడా ఉండింది.

మొదటి శనివారం ఆ హారను మోతకు పిట్టలు చెట్ల మీంచి లేచి ఆదివారం దాకా దిగలేదు. మూడు ఊళ్ల బర్రెలు పాలు ఎగ్గొట్టాయి. ఆడవాళ్లు గురుగులు పట్టుకుని ఎదురొచ్చారు. మోయలేని ముసలివాళ్లు ఉంటారు కదా అని హ్యాండిలుకు ఒక గోనెసంచి కట్టుకుని పోయాను. అందరూ అందులోనే పోశారు. తిరిగొచ్చేటప్పుడు సైకిల్ నేను తోయడం కాదు, బరువుకు అదే నన్ను ఈడ్చుకొచ్చింది. నాయిన సంచి విప్పి చెయ్యి పెట్టి చూసి, "గింత ఎన్నడు రాలె" అన్నాడు.

వారం వారం బియ్యం పెరిగింది. గుడిలో జనం తగ్గారు. వరికోతల కాలం, పొలాల్లో ఉంటారులే అన్నారు అయ్యగారు. నేనూ అదే అనుకున్నాను. నాయిన తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు.

అప్పుడే కబురొచ్చింది, వచ్చే ఆదివారం పెద్దయ్యగారు గుడి చూడ్డానికి వస్తున్నారని. శనివారం నాయిన నన్ను పట్టుకుని, "ప్రతి ఇంటి ముందు ఆపి చెప్పు. ఒక్క ఇల్లు గూడ ఇడువకు" అన్నాడు. ప్రతి గుమ్మం ముందూ మైకు పట్టుకుని గొంతు పగిలేలా చెప్పాను. తర్వాత ఎప్పటిలాగే టేపు పెట్టాను. పెద్దయ్యగారని వినగానే జనం రెండింతలు పోశారు. ఒకామె కోడిపుంజును కూడా కట్టేసి ఇచ్చింది.

ఆదివారం పెద్దయ్యగారు జీపు దిగి లోపలికొచ్చారు. బల్ల ముందు బియ్యం పెంకులను తాకుతోంది. మనుషులం ఐదుగురం. అయ్యగారు, అమ్మగారు, నాయిన, నేను, చెవులు బొత్తిగా వినపడని ఒక ముసలవ్వ. మా మైకు వినని మనిషి మూడు పల్లెల్లో ఆమె ఒక్కతే.

పాట మొదలుపెట్టకుండా పెద్దయ్యగారు కాసేపు ఆగారు. నాయిన కర్ర పట్టుకుని కుంటుకుంటూ బయటికి నడిచాడు. వెనకే నేను. మొదటి ఇంట్లో మా మేనత్త వరసామె చేటలో బియ్యం చెరుగుతోంది.

"గుడికి రాకపోతివేంది చెల్లె? పెద్దయ్యగారు వచ్చి కూసున్నడు."

ఆమె నాయిన వైపు వింతగా చూసింది. "నిన్ననే అయిపాయె గదన్నా! పాటయింది, ప్రార్థనయింది, పిడికెడు పోసిన. ఆశీర్వాదం గూడ అయింది. నెత్తి మీద కొంగు కప్పుకోని మరీ తీసుకున్న. ఆశీర్వాదమయినంక ఎవరన్న ఇంక కూసుంటరా?"

"పెద్దయ్యగారు వస్తున్నడని మైకుల చెప్పలేదానె?"

"చెప్పిండు. అందుకే గద రెండు పిడికిళ్లు పోసిన."

నాయిన నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటికి పోకుండా వెనక్కి వచ్చాము.

"పెద్దాయనా, సంఘమేది?" అన్నారు పెద్దయ్యగారు.

నాయిన బియ్యం గుట్ట చూపించాడు. "గిదే అయ్యా. ఇంటికో పిడికెడు. ఒక్క ఇల్లు తప్పలేదు."

"బియ్యం లేచి నిలబడి పాట పాడదు గదనయ్యా."

కోపంగా అనలేదు ఆయన. కాటారం అవతల ఒక పల్లెలో జనం పశువుల కొట్టంలో కూర్చుని అయ్యగారి కోసం ఎదురుచూస్తున్నారని, అక్కడికి పంపక తప్పదని చెప్పారు. నాయిన బతిమాలలేదు. ఆరేళ్లు నిలబడిన మనిషి, ఆ రోజు రెండు నిమిషాలు కూడా నిలబడలేక బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "బియ్యం గూడ అయ్యగారితోనె పంపుండ్రి. ఆయన కోసం తీసినయి" అన్నాడు.

మంగళవారం భూపాలపల్లి బస్సు ఎక్కించాము. టాపు మీద నూరు బస్తాలు. అమ్మగారు ఏడ్చింది. అయ్యగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టారు. నేను ఆ చేతిని చూస్తూ, బ్యాటరీ తిరిగి ఇచ్చెయ్యాలి అనుకున్నాను. వేరే ఏ ఆలోచనా రాలేదు. చాలా రోజులు రాలేదు.

"అయిపోయిందారా మీ పని?" అన్నాడు పటేలు బ్యాటరీ దింపుకుంటూ.

"అయిపోయింది పటేలా."

ఆయన బ్యాటరీని ట్రాక్టరు దగ్గరికి మోసుకుపోయాడు.

శనివారం నాయిన కర్ర తీసుకుని బయలుదేరాడు. వద్దని నేననలేదు, వెంటా పోలేదు. ఇల్లిల్లూ తిరిగి, "రేపు ఐతారం" అని చెప్పి చీకటి పడ్డాక వచ్చాడు. మరునాడు తొమ్మిది మంది వచ్చారు. పాటలు పాడారు, తలా ఒక ప్రార్థన చేశారు. చేతులెత్తి ఆశీర్వాదం చెప్పడానికి అయ్యగారు లేరు కాబట్టి ఎప్పుడు లేవాలో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారు.

బస్తాలు నూరు కావు, నాలుగు. పుంజు నిజమే. మేనత్త మాటలు ఒక్క అక్షరం మార్చలేదు. నేను పూర్తిగా కల్పించింది ఆ తొమ్మిది మందిని. ఎవరూ రాలేదు. నేను కూడా లేను, పొద్దున్నే జనగామ దుకాణానికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం దాకా నాయిన ఒక్కడే కూర్చున్నాడని గుడి ఎదురింటి వదినె తర్వాత చెప్పింది.