ఇచ్చింది ఎవరి క్రిమి?

2019 వేసవిలో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ మైక్రోబయాలజిస్టుగా చేరాను. రోగుల నమూనాల్లో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చడం నా పని. క్రిములు వార్డులో పాకకుండా చూసే బాధ్యతా నాదే.

ఆ నెలలోనే తణుకు నుంచి ఇద్దరు బెల్లం వర్తకులు ప్రోస్టేటు ఆపరేషన్‌కి వచ్చి ఒకే గదిలో చేరారు. రామలింగం గారివీ సత్యనారాయణ గారివీ ఎదురెదురు కొట్లు. ఏళ్ళ తరబడి మాటల్లేవు. మధ్యలో తెర వేయమని ఇద్దరూ విడివిడిగా అడిగారు.

ముందు రామలింగం గారి మూత్రంలో ఈ.కొలై అనే క్రిమి పెరిగింది. చాలా మందులకు లొంగలేదు. కొన్నాళ్ళకు సత్యనారాయణ గారికి చలిజ్వరం పట్టుకుని ఐసీయూకి మార్చారు. ఆయన రక్తంలోనూ మూత్రంలోనూ దొరికింది క్లెబ్సియెల్లా. జాతి వేరు గానీ, లొంగని మందుల వరస అచ్చం అదే. నాకు భయం వేసింది. మందును ఎదిరించే జన్యువులు ప్లాస్మిడ్ అనే ఉంగరంలాంటి డీఎన్‌ఏ ముక్క మీద ఉంటే, ఒక క్రిమి దాన్ని వేరే జాతి క్రిమికి కూడా అందించగలదు. జన్యు పరీక్షకు పంపితే ఇద్దరిలోనూ ఒకే ప్లాస్మిడ్ అని తేలింది.

ఈలోగా రామలింగం గారు పక్క మంచం సంగతి రోజూ నర్సుని అడిగేవారట, ఊరికే అడుగుతున్నానని చెప్పి మరీ. మిగిలిన ఒక్క మందుతో సత్యనారాయణ గారు గట్టెక్కి గదికి తిరిగొచ్చారు.

ఆయనకు విషయం వివరించాను. రెండో రోగి పేరు చెప్పలేదు గానీ, రెండు మంచాల గదిలో దాగేదేముంది?

"ఆయన దగ్గర మా క్రిమి తీసుకోవడం ఏంటండీ? ఇస్తే మాదే ఇచ్చి ఉంటుంది" అన్నారాయన.

"ముందు దొరికింది ఎవరిలోనండీ? ఇచ్చింది మాదే" అని తెర అవతలి నుంచి వినబడింది.

రిపోర్టులో అదే రాయమని ఇద్దరూ పట్టుబట్టారు. ఎటు నుంచి ఎటు వెళ్ళిందో ఈ పరీక్ష చెప్పదన్నాను. దాంతో ఇద్దరికీ నా చదువు మీద నమ్మకం పోయింది.

దారి మాత్రం దొరికింది. మూత్రం సంచులు ఖాళీ చేసి కొలవడానికి రెండు మంచాలకూ ఒకటే జగ్గు వాడుతున్నారు. దాని అడుగున రెండు క్రిములూ ఉన్నాయి. మంచానికొక జగ్గు కావాలని రాసి పంపితే, స్టోర్స్ వాళ్ళు వచ్చే నెల చూద్దామన్నారు.

ఇంటికెళ్ళిన వారంలో సత్యనారాయణ గారు వార్డంతటికీ జగ్గులు పంపించారు, పేరు రాయించి. మర్నాడు రామలింగం గారి జగ్గులు దిగాయి. అవి ఇంకా పెద్దవి. ఆ తర్వాత ఆ ప్లాస్మిడ్ నా ల్యాబుకు మళ్ళీ రాలేదు.

క్రిములు ఇచ్చిపుచ్చుకోవడానికి జాతి చూడవు. అందుకే కొత్త మందు కోసం వెతకడంతో పాటు అవి ఎక్కడ కలుస్తున్నాయో కూడా వెతకాలి. ఆ వార్డులో నేను నేర్చుకున్నది ఇదే.