ఏడో నెలలో కాలిన క్యాసెట్లు

మాస్టారు పోయారని శనివారం సాయంత్రం నాన్న ఫోన్ చేసి చెప్పారు. నేను సింగపూర్ యీషున్‌లో మా ఫ్లాట్ల బ్లాకు కింద లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. చైనీయుల ఏడో నెల. మన మహాలయ పక్షంలాగా, పోయిన పెద్దలు ఇళ్ల వైపు వచ్చే నెల. పక్కన ఇనప పీపాలో ఎవరో కాగితాలు కాలుస్తున్నారు. ఆ వాసన తగిలితే నేను ఇప్పటికీ ఆగిపోతాను. ఎందుకో చెప్పాలంటే మాస్టారి గురించే చెప్పాలి.

ఆయన వారమంతా ప్రోగ్రామర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడతాయని మనవాళ్లను విమానాల్లో తెచ్చి దింపుతున్న రోజులవి. ఆదివారం మా పిల్లలకు తెలుగు చెప్పేవారు. సుద్దముక్కను విరిచి సగం జేబులో వేసుకునేవారు. సాయంత్రానికి ఆ జేబు తెల్లగా అయ్యేది. "చదవకుండా అభిప్రాయం చెప్పినవాళ్లు బయట నిలబడండి" అనేవారు. నేను చాలాసార్లు నిలబడ్డాను.

ఆ ఏడాది ఇంగ్లీషు యువజన పత్రికలు హెవీ మెటల్ పాటల మీద పడ్డాయి. అవి వింటే పిల్లలు సైతానును కొలుస్తారట, చేతులు కోసుకుంటారట. మాస్టారు ఆ వ్యాసాలను తెలుగు చేసి, తాను నడిపే జిరాక్స్ పత్రికలో వేశారు. చివర్న గుర్తుల జాబితా: నల్ల చొక్కాలు, మూసిన తలుపు, తగ్గిన తిండి, పెద్దలకు జవాబివ్వకపోవడం. అమ్మ పెన్సిల్‌తో నాలుగింటికీ టిక్కు పెట్టింది. నాకు పదహారేళ్లు. ఆ వయసులో ఏ పిల్లకి ఆ నాలుగూ ఉండవు?

అప్పట్నుంచి ఇంట్లో గుసగుసలే. స్నానం చేసి వచ్చేసరికి నా పుస్తకాలు కదిలి ఉండేవి. రాత్రి నా తలుపుకి గడియ పెట్టనిచ్చేవారు కాదు. నన్ను విజయవాడ హాస్టల్లో పడేయడానికి నాన్న టికెట్ తీసేశారు.

ముందు నేను వినే ఆ పాటల క్యాసెట్లు కాల్చాలన్నారు. పెద్దమనిషిగా మాస్టారిని పిలిచారు. ఫ్లాట్‌లో కాల్చే చోటేదీ? మేం వచ్చి ఏడాదే అయింది. బ్లాకు కింద పీపా చూసి, చెత్త కాల్చేది కాబోలనుకున్నారు ఇద్దరూ. నల్లటి పొగ లేచింది. పై అంతస్తు చైనీస్ అమ్మమ్మ పరుగున వచ్చింది.

"ఐయా! దిస్ వన్ ఫర్ డెడ్ పీపుల్ లా. యూ బర్న్, దే టేక్."

అందులో ఏది కాల్చినా చచ్చిపోయినవాళ్లకు చేరుతుందట. నాన్న మొహం పాలిపోయింది. "ఎవరికి చేరాయండీ మాస్టారూ ఇవి?" అన్నారు. మాస్టారు చేతిలో మిగిలిన చివరి క్యాసెట్టును సుద్దముక్క జేబులో వేసుకున్నారు.

వారం తర్వాత మా గుమ్మం ముందుకు వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ట్రైన్‌లో రానూ పోనూ ఇదే విన్నానండీ. రెండ్రోజులు తలనొప్పి. ఇందులో సైతాను లేదు, కోపం ఉంది. నేను వినకుండా రాశాను. నేనే బయట నిలబడాలి."

"అయ్యో, ముందు లోపలికి రండి మాస్టారూ."

"టికెట్ క్యాన్సిల్ చేయండి, వస్తాను."

నడవాలో అందరూ చూస్తుండగా గంటన్నర నిలబడ్డారు. నాన్న ఫోన్ తీసి ఏజెంటుతో మాట్లాడాకే చెప్పులు విప్పారు.

ఆ మాటే తర్వాతి సంచికలోనూ వేశారు. అంతే, జబ్బు ఆయనకే అంటుకుందన్నారు జనం. ఒక్కో ఆదివారం ఒక్కో కుర్చీ ఖాళీ అయింది. ఆఖరికి క్లాసులో నేనొక్కదాన్నే మిగిలాను. పత్రిక ఆగిపోయింది. ఆయన ఒకసారి నల్ల చొక్కా వేసుకొస్తే గుళ్లో పక్కవాళ్లు జరిగి కూర్చోవడం నేను చూశాను. నేను కూడా ఆ రోజు ఆయన పక్కకి వెళ్లలేదు. నన్ను ఇక్కడ ఉంచింది ఆయనే. ఆ మాట ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. ఈ సిగ్గు నాతోనే ఉంటుంది.

నిన్న చైనీస్ పూజా సామాన్ల కొట్టుకెళ్లాను. పోయినవాళ్లకు కాల్చి పంపే కాగితపు ఫోన్లు బోలెడున్నాయి. పాటలు వినేదేదైనా ఉందా అని అడిగితే, కొట్టామె అర అడుగు నుంచి కాగితపు టేప్‌రికార్డర్ తీసి, దుమ్ము దులిపి ఇచ్చింది. నా క్యాసెట్లు ఆయన కంటే ముందే అక్కడికి చేరి ఉన్నాయి కదా. వాటిని వినడానికి ఆయనకు టేప్‌రికార్డరే లేదు.

పీపాలో వేశాను. దానితో వచ్చిన కాగితపు హెడ్‌ఫోన్లు అన్నిటికంటే ఆలస్యంగా అంటుకున్నాయి. అవి బూడిదయ్యేదాకా, లిఫ్టు రెండుసార్లు వచ్చి వెళ్లినా, నేను బయటే నిలబడ్డాను.