కాక కారు ముందు చక్రం

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఇంట్లో అందరం పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. ఏడు నెలల పాటు వాకిలి నిండా ఒక పాత కారు, వసారా నిండా దాని లోపలి సామాను పరిచి ఉండేవి. ఆ ఏడు నెలలూ తలచుకుంటే ఇప్పటికీ కిరోసిన్ వాసన వస్తుంది.

మాది నాందేడ్. మా తాతకు బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో వచ్చినవాళ్లను బట్టి మూడు భాషలూ నడిచేవి. మా నాన్న తాతతో పాటు దుకాణంలో కూర్చునేవాడు. నాన్న తమ్ముడు మాత్రం, మేం కాక అని పిలిచేవాళ్లం, ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. ఔరంగాబాదులో మిషన్ల చదువుకని వెళ్లి సగంలో తిరిగి వచ్చాడు. పిండి గిర్ని పెడతానన్నాడు, పెట్టలేదు. మోటార్ పంపులు బాగుచేస్తానన్నాడు, ఆర్నెల్లు చేసి మానేశాడు. పట్టిన పని పూర్తి చేయడని తాతకు అతని మీద గట్టి అభిప్రాయం. ఆ మాట ఆయన పదిమందిలోనూ అనేవాడు.

అలాంటి కాక ఒకరోజు తన మోటారు సైకిలు ఇచ్చేసి బదులుగా ఒక కారు తెచ్చాడు. ధర్మాబాదులో జిన్నింగు మిల్లు యజమాని ఒకాయన కుర్రతనంలో హైదరాబాదు నుంచి సరదాగా తెచ్చుకున్న బండి అది. పొడుగాటి ముక్కు, ఇద్దరే కూర్చునే సీట్లు, పైన గుడ్డ కప్పు. పందేల్లో పరుగెత్తడానికి చేసిన రకమట. మిల్లు గోదాములో పత్తి చెత్త కింద ఏళ్ల తరబడి పడి ఉంది. మైళ్లు లెక్కించే మీటరు తొంభై వేలు దాటి ఆగిపోయింది. అది ఒకసారి నిండి మళ్లీ సున్నా నుంచి మొదలైందని ఆ యజమానే నవ్వుతూ చెప్పాడట. పత్తి లారీ మీద వచ్చిన ఆ కారును చెక్కల మీదుగా మా వాకిట్లోకి దింపుతుంటే సీటులోంచి ఎలుక పిల్లలు రాలాయి. తాత గడపలో నిలబడి చూసి, దీపావళి లోపు ఇది నడవకపోతే తుక్కు కింద తూకానికి వేస్తానని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

నాకప్పుడు పదకొండేళ్లు. విప్పిన ప్రతి ముక్కనూ వసారాలో షాబాదు బండల మీద వరసగా పెట్టడం, దాని చుట్టూ సుద్దతో గీత గీసి లోపల అంకె వేయడం కాక నాకు అప్పగించాడు. ఏది ముందు విప్పామో, ఏది తర్వాతో ఆ గీతలు చూస్తే తెలియాలి. ఇంట్లో ఇంకెవరినీ ఆ బండల మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు. అమ్మ సైతం వంటింట్లోకి గోడవారగా వెళ్లేది. ఆ అధికారం నాకు ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

కాకను అంత ఓపికగా నేనెప్పుడూ చూడలేదు. పెట్రోలు ట్యాంకులో తుప్పు పోవడానికి గోదావరి గులకరాళ్లు పోసి, దాన్ని గోనెలో చుట్టి, వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరకు రోజంతా దొర్లించాడు. ఇంజను మీది వాల్వులను అరచేతుల మధ్య కర్రతో మజ్జిగ చిలికినట్టు తిప్పి తిప్పి నునుపు చేశాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజను దగ్గర పెట్టుకొని గాలి పీల్చే చప్పుడు వినేవాడు. అమ్మ కుట్టు మిషను మీద పైకప్పు గుడ్డ కుట్టి ఇచ్చింది. తాత రోజూ దుకాణానికి పోతూ ఒకసారి అటు చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే మాకు పెద్ద సంగతి.

తప్పు నేను చేశాను. ముందు చక్రాలు విప్పినప్పుడు, ఎడమదాని నడిమి నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే ఒక చిన్న పిన్ను వచ్చింది. రెండు కాళ్లు కలిసిన ఇనుప తీగ, అమ్మ జడలో పెట్టుకునే పిన్నులాగే ఉంది. నేను దాన్ని కిరోసిన్‌లో కడిగి, కాళ్లు సాపు చేసి, రిబ్బన్ జారకుండా తలలో పెట్టుకొని బడికి వెళ్లాను. సాయంత్రం ఇంటికి వచ్చి తడుముకుంటే లేదు. మరునాడు బడి మైదానమంతా వెతికాను. దొరకలేదు. అప్పుడు చేసిన పని మొదటి దానికన్నా చెడ్డది. బండ మీద ఖాళీగా మిగిలిన ఆ సుద్ద గీతను తడి కాలితో తుడిచేశాను.

చాలా రోజులు నాకు భయమే వేయలేదు. ఇంత కారులో అంత చిన్న తీగ ఎవరికి కావాలి అనుకున్నాను. చక్రాలు మళ్లీ బిగించేటప్పుడు కాక అన్నీ ఉన్నాయా అని అడిగాడు. అన్నీ ఉన్నాయన్నాను.

తర్వాత ఒకరోజు, మా వీధి చివర ఉండే సర్దార్జీ జాకీ ఇవ్వడానికి వచ్చాడు. ఆయన లారీ నడిపేవాడు, కాకకు తెలియనివి చెబుతుండేవాడు. చాయ్ తాగుతూ, తన కళ్ల ముందే ఘాట్ రోడ్డు మీద ఒక లారీ ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ పోయిన సంగతి చెప్పాడు. వేలెడంత పిన్ను లేకపోవడమే కారణమట. నట్టు కొంచెం కొంచెం తిరిగి వదులైందట. డ్రైవరు ఏమయ్యాడని అమ్మ అడిగింది. సర్దార్జీ తల అడ్డంగా ఊపి కప్పు కింద పెట్టాడు.

నేను పోగొట్టినదీ అలాంటి పిన్నే. ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. చెప్పాలని కాక దగ్గరకు వెళ్లేదాన్ని. తలెత్తి చూసి నవ్వేవాడు, అంతే, ఏ పానా ఇవ్వాలో అడిగి తిరిగి వచ్చేదాన్ని. చెబితే బండల మీద నా అధికారం పోతుంది. ఇంకెప్పుడూ నన్ను నమ్మడు. పైగా దీపావళి దగ్గర పడింది, చక్రాలు మళ్లీ విప్పాలంటే ఎన్ని రోజులు పడుతుందో, తాత ఊరుకుంటాడో లేదో. కారు నడవకుండా ఉంటే బాగుండునని దేవుడి గూటి ముందు దండం పెట్టుకున్నాను. ఏడు నెలలు కాక పడ్డ కష్టం చూసినదాన్ని, అలాంటి దండం పెట్టానే అని మళ్లీ ఏడ్చాను. అవ్వ నాకు దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

కారు నడిచింది. వాకిట్లోనే ముందుకూ వెనక్కీ నాలుగడుగులు కదిలింది. వచ్చే ఆదివారం పొద్దున మొదటిసారి బయటికి తీస్తానని కాక అన్నాడు. ఎవరూ అనుకోని విధంగా, మొదట నేనే కూర్చుంటానన్నాడు తాత. బజారు దాటి, గోదావరి మీది పూల్ దాకా పోయి రావాలని కూడా ఆయనే అన్నాడు. ఆ వంతెన దగ్గర రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. నాకు ఆ దిగుడు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆదివారం వీధి వీధంతా మా ఇంటి ముందుకు వచ్చింది. తాత తెల్లటి ధోతీ, నల్ల టోపీతో సీటులో నిటారుగా కూర్చున్నాడు. అవ్వ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కాక తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అందరూ అతణ్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఇంజను అందుకోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎలా వెళ్లానో తెలియదు, నేను కాక పక్కన తలుపు పట్టుకొని నిలబడ్డాను. నా గొంతు ఇంజను చప్పుడులో నాకే వినబడలేదు. కాక వంగి తన చెవి నా నోటి దగ్గర పెట్టాడు.

"కాకా, చక్రం పిన్ను నేను తీసిన. పోగొట్టిన. నీకు అబద్ధం చెప్పిన."

కాక నా ముఖం చూశాడు. ఎప్పుడు తీసినవని గాని, ఎందుకు చెప్పలేదని గాని అడగలేదు. ఇంజను ఆపేశాడు.

"బాపు, జర దిగు. చక్రం ఒక్కసారి చూసేది ఉన్నది."

తాత ముఖం ఎర్రబడింది. ఇంతమందిని పిలిచి, ఎక్కించి, ఇప్పుడు దిగమంటాడా అన్నట్టు చూశాడు. గుంపులో ఎవరో నవ్వారు. వీడు ఏ పనీ పూర్తి చేయడని మా బంధువు ఒకాయన అననే అన్నాడు. కాక ఉతికిన చొక్కాతోనే రోడ్డు మీద కూర్చొని జాకీ ఎక్కించాడు. నేను చూపించిన ఎడమ చక్రం విప్పి, నడుమ ఉన్న గ్రీజు మూత తీశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఇగో, చూడు," అన్నాడు.

పిన్ను ఉంది. కొత్తది. మెరుస్తోంది. పాత పిన్ను మళ్లీ పెట్టరని, ఒకసారి వంచినది మళ్లీ వంచితే విరుగుతుందని, అందుకే దుకాణంలోంచి కొత్తవి తెచ్చి పెట్టానని మెల్లగా చెప్పాడు. నేను పోగొట్టినది ఎలాగూ పారేసేదే. నేను అక్కడే రోడ్డు మీద కూర్చున్నాను. ఇన్ని రోజుల భయం ఒక పారేసే తీగ కోసమా అని సిగ్గు వేసింది. ఇక ఎక్కవచ్చని అందరూ అనుకున్నారు. తాత ఒక కాలు కారులో పెట్టాడు కూడా.

కాక మాత్రం జాకీని కుడివైపుకు మార్చాడు. ఒకటి విప్పాక రెండోది కూడా చూస్తే పోయేదేముంది అన్నాడు. చక్రం తీశాడు, మూత తీశాడు. ఆ తర్వాత కదలలేదు. నేను పక్కనే ఉన్నాను గనుక చూశాను. నట్టు మధ్య కన్నం ఖాళీగా ఉంది. కాక రెండు వేళ్లతో పట్టుకుంటే నట్టు తిరిగింది.

తర్వాత తెలిసింది, ఆ చక్రం బిగిస్తున్నప్పుడు తాత దుకాణం నుంచి కబురు పెట్టాడట. కాక పోయి వచ్చి, పిన్ను పెట్టాననుకొని మూత కొట్టేశాడు.

ఆ క్షణం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. కాక వీపు గుంపు వైపు ఉంది. అతను ఏం చూశాడో నాకు తప్ప ఎవరికీ తెలియదు. జేబులోంచి ఒక పిన్ను తీసి గుచ్చి, మూత పెట్టేస్తే సరిపోయేది. అంతా బాగుంది ఎక్కు బాపు అంటే సరిపోయేది. కాక పిన్ను గుచ్చాడు, దాని కాళ్లు వంచాడు. మూత పెట్టలేదు. లేచి తాత వైపు తిరిగాడు. అతని గొంతు వణికింది.

"తప్పు నాది, బాపు. ఈ చక్రానికి పిన్ను పెట్టుడు మర్చిన. ఈ పొల్ల చెప్పకుంటె నిన్ను ఎక్కించుకొని గిట్లనే పోతుంటి."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడు నెలలుగా తాత అనకుండా దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు వస్తాయని నేను అనుకున్నాను. కాక కూడా అదే అనుకొని ఉంటాడు, తల వంచుకొని నిలబడ్డాడు. తాత దగ్గరకు వచ్చి, ధోతీ ఎత్తి పట్టుకొని, వంగి చక్రం లోపలికి చూశాడు.

"ఇప్పుడు పెట్టినవా?"

"పెట్టిన."

"వెనక చక్రాలు?"

"చూస్త."

"చూడు. నేను కూసుంట."

అన్నట్టుగానే అరుగు మీద కూర్చున్నాడు. వెనకవి రెండూ చూసేసరికి గంట పైనే పట్టింది. గుంపు పలచబడింది. అంతా అయ్యాక తాత లేచి వెళ్లి మళ్లీ అదే సీటులో కూర్చున్నాడు. కాక స్టీరింగు ముందు కూర్చున్నాక తాత నా వైపు చూసి, ఈ పిల్లను కూడా ఎక్కించమన్నాడు. సీట్ల వెనక ఇరుకు జాగాలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాను.

బజారు దాటాం. పూల్ దిగుడు వచ్చింది. కాక బండిని మెల్లగా దింపుతున్నాడు. అతని మెడ మీద చెమట కనిపిస్తోంది.

"భయమైతుందా?" అని అడిగాడు, వెనక్కి తిరగకుండా.

"ఔ," అన్నాను.

"నాకు గూడ," అన్నాడు.

తాత చెయ్యి తీసి కాక భుజం మీద పెట్టాడు. నది దాటి తిరిగి ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లు ఆస్పత్రుల్లో పని చేశాను. ఉద్యోగం కొత్తలో ఒకసారి పక్క మంచం మనిషికి ఇవ్వాల్సిన మందు ఇంకొకామెకు ఇచ్చాను. సీసా చేతిలో ఉండగానే తెలిసింది. ఎవరూ చూడలేదు. డాక్టరు గది దాకా నడిచిన ఆ వరండా ఎంత పొడుగో నాకు తెలుసు. కొంచెం స్థిమితపడ్డాక చెబుదామని అనిపించింది. స్థిమితపడేదాకా ఆగితే ఇంక చెప్పలేనని కూడా తెలిసింది. కాక ఆ రోజు ధైర్యం వచ్చాక చెప్పలేదు, వణుకుతూనే చెప్పాడు. నేనూ వణుకుతూనే తలుపు తోసి చెప్పాను. ఆమెకు ఏమీ కాలేదు, సమయానికి చూసుకున్నారు. నన్ను తిట్టారు, ఆ తిట్లు ఇప్పుడు గుర్తు లేవు.

ఆ తర్వాత కూడా ఎన్నో తప్పులు చేశాను. ఇప్పటికీ తప్పు ఒప్పుకోవాల్సి వస్తే నా గొంతు వణుకుతుంది. అది తగ్గాలని నేను ఎదురుచూడను.