రొయ్యల గుంటలో వాటా

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సభలకు జ్యోతి ప్రజ్వలన రద్దు చేయాలని నాకు చాలాకాలంగా కోరిక. ఒత్తి వెలిగిస్తాం, గాలి ఆర్పేస్తుంది. ముఖ్య అతిథి మళ్లీ వెలిగిస్తారు, ఫోటోగ్రాఫర్ మళ్లీ వంగుతాడు, నలుగురు పెద్దలు అరచేతులు అడ్డం పెట్టి వేళ్లు కాల్చుకుంటారు. చివరికి వెలగని దీపం చుట్టూ అందరం నవ్వుతూ నిలబడిన ఫోటో వార్షిక నివేదికలో అచ్చవుతుంది. దీని మీద ఆఫీసులో ఒక నోట్ పెట్టాను. పరిశీలనలో ఉంది.

మూడేళ్ల కిందట జనవరిలో అలాంటి ఒక దీపంతో కుస్తీ పట్టి, ఓడి, మైకు అందుకున్నాను. సూళ్లూరుపేట దాటి పులికాట్ వైపు వెళితే వచ్చే చిన్న ఊరు అది. సరస్సులో చేపలు, రొయ్యలు పట్టుకుని బతికేవాళ్ల ఊరు. నేను ఒక ఆర్థిక నియంత్రణ సంస్థలో అధికారిణిని. జనం దగ్గర డబ్బు తీసుకునే కంపెనీలు అందుకు అనుమతి తెచ్చుకున్నాయా, చెప్పిన మాట ప్రకారం నడుచుకుంటున్నాయా అని చూడటం మా పని. కాలేజీలకు ఉపన్యాసానికి వెళ్లినప్పుడు పిల్లలు ఈ ఉద్యోగంలో థ్రిల్ ఉంటుందా అని అడుగుతారు. పీడీఎఫ్‌లు చదవడంలో ఎంత ఉంటుందో అంత ఉంటుందని చెబుతాను. పబ్లిక్ పాలసీ చదవాలన్న వాళ్ల ఉత్సాహం అక్కడ కొంచెం తగ్గుతుంది.

ఆ చుట్టుపక్కల ఒక కంపెనీ రొయ్యల గుంటల్లో వాటాలు అమ్ముతోందని మాకు ఫిర్యాదులు అందాయి. మీరు డబ్బు కట్టండి, గుంటలు మేం చూసుకుంటాం, పంట తీసినప్పుడల్లా లాభం పంచుతాం అన్నది వాళ్ల మాట. దీన్ని మా భాషలో కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్ అంటారు. పదిమంది డబ్బు ఒకచోట పోగేసి, ఒకరి చేతిలో పెట్టి, లాభం పంచుకునే పథకం. అది తప్పు కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం తప్పు. అయితే విచారణ పూర్తయి ఆర్డర్ వచ్చేదాకా కంపెనీ పేరెత్తి 'వీళ్లకు డబ్బు ఇవ్వకండి' అని చెప్పే అధికారం నాకు లేదు. 'అందరూ జాగ్రత్తగా ఉండండి' అని మాత్రం ఎంతసేపైనా చెప్పవచ్చు. చెప్పాను కూడా.

నేను ముగించాక ముందు వరసలోంచి ఒకామె లేచింది. పేరు అంకమ్మ. సూళ్లూరుపేట మార్కెట్లో చేపలమ్ముతుందని, భర్త పడవ పాతబడి పనికిరాకుండా పోయిందని తర్వాత తెలిసింది.

"బాగా చెప్పినావు మేడమ్. మోసం లేని మనిషివి, మొహం చూస్తేనే తెలస్తా ఉండాది."

నేను వినయంగా తల వంచాను.

"అందుకని మా దుడ్లు నువ్వే పెట్టుకో. వడ్డీ నీకు తోచింది ఇయ్యి."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలూపారు. ఒకామె కొంగు ముడి విప్పడం కూడా మొదలుపెట్టింది. ఎవరినీ నమ్మొద్దని అంతసేపు చెప్పి, నన్ను నమ్మించేశాను. మా శాఖ చరిత్రలో ఇంత విజయవంతమైన అవగాహన సదస్సు జరిగి ఉండదు.

"అమ్మా, నేను ఒక్క రూపాయి ముట్టుకున్నా నా ఉద్యోగం పోతుంది," అన్నాను.

"నువ్వు పెట్టుకోవు. ఇంకొకరికి ఇయ్యొద్దంటావు. మళ్లా యాడ పెట్టుకునేది? పడవ కోసరం దాచింది, రేపు పొద్దన్నే మురళి చేతికి ఇస్తా ఉండా. ఆ గుంటల్లో పెడితే రెండు పంటలకి పడవా వస్తాది, ఇంజనూ వస్తాది."

"మురళి ఎవరు?"

"మా మరిది. నీకు కుర్చీలు తెచ్చి ఏసింది ఆయనే."

వెనక కుర్చీలు సర్దుతున్న మనిషి ఆగిపోయాడు. ముప్పై దాటి ఉంటాడు. కృష్ణపట్నంలో కాంట్రాక్టు పని చేసి, అది పోయాక ఆ కంపెనీకి ఏజెంటుగా చేరాడు. నా కుర్చీని రెండుసార్లు తుడిచింది, మైకు మొరాయిస్తే దానికి బ్యాటరీ తెచ్చింది అతనే.

"మోసగాణ్ణి కాదు మేడమ్," అన్నాడు మెల్లగా. "అందరికంటే ముందర నా సొమ్మే పెట్టినాను. నా పెళ్లాం నగలు గూడా."

అతను నిజమే చెబుతున్నాడు. నా ఇబ్బందీ అదే. మోసగాడైతే నాలుగు కఠినమైన మాటలు అనేసి జీపెక్కవచ్చు. ఊరంతటి ముందు అతణ్ణి దొంగను చేస్తే, అంకమ్మ పంతానికి ఆ రాత్రే డబ్బు ఇచ్చేసేలా ఉంది. ఏం చేయాలో తోచక, తోచనప్పుడు అధికారులందరూ చేసే పనే చేశాను. సంబంధం లేని ప్రశ్న అడిగాను.

"సరస్సులో ఎవరు ఎక్కడ వల వేయాలో ఎట్లా తేలుస్తారమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "వంతులుంటాయి మేడమ్. ఊరంతా కూడి, అందరి ముందర చీట్లేసి తేలుస్తారు. ఇష్టమొచ్చిన కాడ వలేస్తే ఊరుకుంటారా?"

"ఎవరన్నా వేస్తే?"

"వల లాగి గట్టున పడేస్తాం. అది మా మామ అయినా సరే."

"ఆయన వల బాగా నేసిందైతే?"

"నేత ఎవురిక్కావాల? వంతు ఉండాదా లేదా, అంతే..." అంటూ ఆమె మధ్యలో ఆగింది. తర్వాత నిదానంగా వెనక్కి తిరిగింది.

"మురళీ, మీ కంపినీకి వంతు ఎవురిచ్చినారు?"

"అదేంది వదినా, పెద్ద కంపెనీ, నెల్లూరులో ఆఫీసుండాది..."

"ఆఫీసు గొడవ నాకెందుకు? వంతు ఉండాదా లేదా? ఫోన్ చేసి అడుగు. ఈడే, అందరం వినేటట్టు."

అతను నా వైపు చూశాడు. నేను దీపం వైపు చూశాను. స్పీకర్ ఆన్ చేసి మేనేజరుకు ఫోన్ చేశాడు. రిజిస్ట్రేషన్ ఉందా సార్ అని మర్యాదగానే అడిగాడు. అవతలి గొంతు మొదట నవ్వింది. తర్వాత అప్లై చేశామంది. తర్వాత అలాంటివి మన స్కీముకు అక్కర్లేదంది. చివరికి, "రేపు మీ వదిన డబ్బు వస్తోందా లేదా, ముందు అది చెప్పు," అంది.

మురళి ఫోన్ కట్టేశాడు.

"వదినా, పడవ కొనుక్కో," అన్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పని నేను ఊహించనిది. తాను చేర్పించిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఇక కట్టొద్దని తనే చెప్పాడు. కొందరు తిట్టారు, ఒకరు చెప్పు తీశారట. ఆ వారమే మా ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. ఏజెంటు కాబట్టి అది అతని మెడకూ చుట్టుకోవచ్చని నేను హెచ్చరిస్తే, "రాసుకోండి మేడమ్, మళ్లా ధైర్యం ఉంటాదో లేదో," అన్నాడు. దాని ఆధారంగానే ఇంటరిమ్ ఆర్డర్ ఇవ్వగలిగాం. అంటే, విచారణ ముగిసేదాకా ఎవరి దగ్గరా కొత్తగా డబ్బు తీసుకోకూడదని తాత్కాలిక ఉత్తర్వు. కింద సంతకం మా పై అధికారిది, చిత్తుప్రతి నాది. అందులో మురళి పేరు ఒక సాక్షి నంబరుగా మాత్రమే ఉంటుంది. ఆ ఉత్తర్వుకు ఆఫీసులో నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఆ నంబరే గుర్తొస్తుంది.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మంచి నిబంధన రాస్తే చాలు, అదే జనాన్ని కాపాడుతుందనుకునేదాన్ని. నిబంధన అవసరమే. కానీ ఒక ఊళ్లో అది ప్రాణం పోసుకోవాలంటే, తనకు నష్టమని తెలిసీ ఫోన్ స్పీకర్‌లో పెట్టే మనిషి ఒకడు కావాలి. నాకు అలాంటివాడు దొరికాడు. అతని రుణం తీర్చుకునే పద్ధతి మా సర్వీసు రూల్సులో లేదు.

పోయిన ఏడు సూళ్లూరుపేటలో రైలుకు ఇంకా టైముంటే చేపల మార్కెట్లోకి వెళ్లాను. అంకమ్మ గుర్తుపట్టి కేకేసింది. పడవ కొన్నారు, ఇంజను అప్పు తీరుతోంది. వద్దంటున్నా నా సంచిలో రొయ్యలు పోసింది. డబ్బు ఇస్తే తీసుకోదేమోనని భయపడ్డాను గానీ, తీసుకుంది. మురళి ఎలా ఉన్నాడని అడిగాను. తడలో ఒక ఫ్యాక్టరీకి పోతున్నాడట. అతని సొమ్ము సంగతి ఇంకా కేసులోనే ఉంది, ఆ మాట నాకూ తెలుసు. మీరిద్దరూ ఆ రోజు చేసిన మేలు మరిచిపోలేనని ఆమెతో అన్నాను.

అంకమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"నువ్వు రాబట్టి నా పడవ నిలిచింది, కాదన్ను. కానీ మేడమ్, మురళి పెళ్లాం మెడలో నగలు ఉన్నప్పుడే ఎందుకు రాలా నువ్వు?"