ఎందుకమ్మ ఊడ్చిన వీధులు

మా వదినకు ఊళ్ళో రెండు పేర్లు. ఎదురుగా మేయరమ్మ, వెనకాల ఎందుకమ్మ. రెండో పేరు మొదటిదానికంటే చాలా పాతది. కొత్త కోడలిగా మా ఇంట్లో అడుగుపెట్టిన రోజే మా అన్నయ్యను పట్టుకుని, "మీ చొక్కాకి మూడో గుండీ ఒక్కటే వేరే రంగు దారంతో కుట్టి ఉంది, ఎందుకు?" అని అడిగింది. మా అన్నయ్యకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. కుట్టింది నేను. ఈవిడతో వేగడం కష్టమని అప్పుడే అనుకున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవడంతోనే సరిపోయింది, ఇక నాకు పెత్తనం చేసే తీరికెక్కడిది?

మేయరు కాకముందు మార్కెట్ వీధిలో కుళాయిలు, పైపులు, బాత్రూం సామాన్లు అమ్మే షాపు నడిపేది. ఇప్పుడు మా అన్నయ్య చూసుకుంటున్నాడు. పైపు ముక్క కోసం వచ్చినవాణ్ణి ఆవిడ ఊరికే పంపేది కాదు. ఎక్కడ కారుతోంది, ఎప్పటినుంచి కారుతోంది, గోడకు అవతల ఏముంది, ఇంట్లో ఎంతమంది ఉంటారు, అన్నీ కూపీ లాగేది. విసుక్కున్నవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు, ఎందుకంటే ఆవిడ ఇచ్చిన పైపు సరిగ్గా సరిపోయేది. ఇరవై రెండేళ్ళలో ఊళ్ళో సగం ఇళ్ళ స్నానాల గదులు, దొడ్లు ఆవిడ అమ్మిన సామానుతోనే తయారయ్యాయి. ఆ ఇళ్ళవాళ్ళే ఓట్లేసి గెలిపించారు.

మేయరుగిరీ అంటే పెద్ద కుర్చీ, పెద్ద కారు అనుకుంటారు. నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను, అది మూడొంతులు కూర్చోవడం, ఒక వంతు నిలబడటం. పొద్దున అర్జీలు, మధ్యాహ్నం కమిటీలు, సాయంత్రం రిబ్బన్లు. రిబ్బను కత్తిరించి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతే అందరికీ హాయి. ఈవిడ అలా వెళ్ళదు. లైబ్రరీ ప్రారంభానికి వెళ్ళి "ఈ కిటికీ తలుపు లోపలికి తెరుచుకుంటోంది, బల్లకు తగలదూ? ఇలా ఎందుకు పెట్టారు?" అని అడిగితే, ఇంజనీరుగారు ఫోను వచ్చినట్టు నటిస్తూ మెట్లు దిగిపోయాడు. నేను బడిపంతులమ్మగా రిటైరై ఖాళీగా ఉన్నాను కాబట్టి, వచ్చిన అర్జీలు చదివి వరసగా పెట్టే పని నాకు అప్పగించింది. జీతం లేదు. అరవయ్యేళ్ళ దాన్ని అందరి ముందూ "అమ్మాయ్" అని పిలవడం మాత్రం ఉంది.

ఆవిడ తెచ్చిన కొత్త పద్ధతి ఒకటుంది. ఊరి ఆస్పత్రిలో కిడ్నీ వార్డు కోసం ఏటా చందాలు పోగుచేస్తారు. డబ్బాలు పట్టుకుని తిరిగితే ఎవరూ పెద్దగా ఇవ్వడం లేదని, మేయరు తన ఒక రోజును వేలం వేయించడం మొదలుపెట్టింది. పాట ఎవరు పాడుకుంటే ఆ రోజంతా వాళ్ళ దగ్గర, వాళ్ళు చెప్పిన పని, వాళ్ళు చేసినట్టే చెయ్యాలి. మొదటి ఏడు బట్టల షాపు ఆయన పాడుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు బట్టలు కొనడం మానేసి రోడ్ల గుంతల గురించి చెప్పి పోయారు. రెండో ఏడు ప్రెస్సు ఆయన కాగితాలు మడత పెట్టించాడు.

మూడో ఏడు మైకు నా చేతిలోనే ఉంది. హోటలు ఆయన జోరుగా పాట పెంచుతున్నాడు, మేయరు చేత టీ పోయించాలని ఆయన కోరిక. అంతలో వెనక వరసలోంచి ఒక ఆడగొంతు అంతకంటే ఎక్కువ పలికింది. అందరూ తిరిగి చూశారు. గడియారం కూడలి చుట్టూ వీధులు ఊడ్చే పదకొండుమంది ఆడవాళ్ళలో పెద్దావిడ, అందరూ పెద్దక్క అంటారు. హోటలు ఆయన ఇంకొంచెం పెంచాడు. పెద్దక్క పక్కవాళ్ళ మొహాలు చూసి మళ్ళీ పెంచింది. పాట ఆమెదే. ఎంతకో చెప్పను, అది వాళ్ళ కష్టార్జితం. 

ఇంటికొచ్చాక మా వదిన ఒకటే నస. "అమ్మాయ్, వాళ్ళెందుకు కొన్నారు నన్ను? అంత పెట్టి? ఎందుకు?"

"పంపు గది కోసమై ఉంటుంది," అన్నాను.

గడియారం కూడలిలో పాత పంపు గది ఒకటి ఏళ్ళ తరబడి మూతపడి ఉంది. దాన్ని తమకు ఇప్పించమని పెద్దక్క వాళ్ళు మూడుసార్లు అర్జీ పెట్టారు. ఎందుకో అందులో రాయలేదు. మూడో అర్జీ మా వదిన చేతికి ఇచ్చింది నేనే. ఆవిడ దాని మీద "చీపుర్లకు షెడ్డు ఉంది కదా" అని రాసి పక్కన పెట్టింది. ఇప్పుడు ఆ గదిని ఫోన్ల షాపుకు అద్దెకివ్వాలని సోమవారం కౌన్సిల్లో తీర్మానం రాబోతోంది. ఆ తీర్మానం నెగ్గితే పెద్దక్క వాళ్ళకు గది దక్కదు.

"సిఫారసు కావాలంటే నా గదికొచ్చి అడగొచ్చుగా? దానికి నన్ను కొనాలా?" అంది వదిన. తోడుగా నేనూ వస్తానన్నాను. తోడేమిటి, అసలు సంగతి తెలుసుకోవాలని నాకూ ప్రాణం కొట్టుకుంటోంది.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి కూడలికి వెళ్ళాం. పదిమందే ఉన్నారు. పదకొండో ఆమె ఏదని వదిన అడిగితే, "ఆస్పత్రిలో ఉందమ్మా," అని పెద్దక్క ఒక చీపురు చేతికిచ్చింది. తర్వాత సంచిలోంచి రెండు పెద్ద నీళ్ళ సీసాలు తీసి, ఒకటి ఆవిడకు, ఒకటి నాకు ఇచ్చింది. "దుమ్ములో పని. గొంతెండిపోద్ది. తాగుతా ఉండండి."

ఊడ్చడం నాకు తెలుసనుకున్నాను. తెలియదు. గాలి వచ్చే వైపు వీపు పెట్టాలి, లేకపోతే ఊడ్చిందంతా మొహానికే. తడి ఆకులను చీపురుతో కొట్టకూడదు, కిందనుంచి తొయ్యాలి. రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న సిగరెట్ ముక్కలు చీపురుకు రావు, వంగి చేత్తో తియ్యాలి. మా వదిన అడుగడుక్కీ "ఇలా ఎందుకు, అలా ఎందుకు" అని అడుగుతూ, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ, బ్యాంకు వీధి, చెప్పుల బజారు దాటేసరికి సీసా ఖాళీ చేసింది. పెద్దక్క ఇంకోటి అందించింది. నేనూ తక్కువ తాగలేదు.

వాళ్ళు పదిమందీ చుక్క నీళ్ళు ముట్టలేదు.

"మీరు తాగరేం పెద్దక్కా?"

"అలవాటు లేదమ్మా."

"ఎందుకు?"

"తినబోతూ రుచులెందుకమ్మా," అంది పెద్దక్క, చీపురు ఆపకుండానే.

ఏడున్నరకు ఆ రుచి నాకు తెలిసింది. బస్టాండు రోడ్డు మధ్యలో చీపురు ఆనుకుని నిలబడి, ఇక్కడ బాత్రూం ఎక్కడుందని మెల్లగా అడిగాను. పదిమందిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. ఒక ఆమె నేల చూపులు చూస్తూ చెప్పింది. షాపులు పదింటికి గానీ తెరవరు. హోటల్లో ఉన్నది తిని బిల్లు కట్టినవాళ్ళకే. బస్టాండులో ఆడవాళ్ళ వైపు తాళం ఎప్పటినుంచో వేసే ఉంది. మగవాళ్ళంటే ఏ గోడో చూసుకుంటారు.

"ఇళ్ళున్నాయి కదా?" అంది వదిన. ఆవిడ మొహం కూడా అప్పటికే బిగుసుకుపోయింది. "ఈ వీధిలో ఏ తలుపు కొట్టినా తీస్తారు. సగం ఇళ్ళకు నేనే సామాను ఇచ్చాను."

"మీరు కొడితే తీస్తారమ్మా," అంది పెద్దక్క.

మా వదిన ఎదురింటి గేటు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. ఒక క్షణం అలాగే నిలబడి, చెయ్యి తీసేసి వెనక్కి వచ్చి చీపురు అందుకుంది. వాళ్ళు చేసినట్టే చెయ్యాలన్నది ఆవిడ పెట్టిన షరతే కదా. పని ముగిసేది పదకొండింటికి.

నాకంత పౌరుషం లేదు. నేను మేయర్ని కాను, ఓటేసినదాన్ని మాత్రమే. ఆటో ఎక్కి ఇంటికి పోయాను.

కాసేపని నడుం వాల్చి, తిరిగి వచ్చేసరికి పదకొండు దాటింది. మా వదిన పంపు గది మెట్టు మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, పెదవి పంటి కింద పట్టుకుంది. పక్కన పెద్దక్క.

"రాత్రి అన్నంతో తాగిందే. మళ్ళీ ఇంటికెళ్ళాకే తాగడం," అంటోంది పెద్దక్క. "నేను పంతొమ్మిదేళ్ళుగా ఇంతే. ఇవాళ రాని ఆ పిల్ల మొన్న పనిలో పడిపోతే, మీరు చందాలు పోగుచేసే ఆ వార్డులోనే చేర్చాం. నీళ్ళు ఎందుకు తాగవమ్మా అని డాక్టరు దాన్ని తిట్టాడు. అది ఏం చెప్పుద్ది?"

"అర్జీలో ఈ మాట రాయకపోతే ఎలా?"

"రాసిచ్చే ఆయన మగమనిషి. తీసుకునే గుమస్తా మగమనిషి. ఏమని చెప్పి రాయించమంటారు? సిగ్గేసింది."

"నేను ఆడదాన్నే కదా! నాతోనైనా చెప్పొద్దూ? అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు."

పెద్దక్క చీపురు కట్టు బిగించుకుంది. "మూడుసార్లు అడిగామమ్మా. ఎందుకని మీరు అడుగుతారేమోనని చూశాం. ఊళ్ళో అందర్నీ అడుగుతారంట గదా."

గుండీ దారం దగ్గర అడిగిన మనిషి ఆ ఒక్క కాగితం దగ్గర అడగలేదు. ఆ కాగితం చదివి చేతికిచ్చిన నేనూ అడగలేదు. చీపురు పట్టుకునేవాళ్ళకు చీపుర్ల గొడవే ఉంటుందని ఇద్దరమూ అనుకున్నాం. నాకు నిజంగా సిగ్గేసింది.

సోమవారం కౌన్సిల్లో నేను సందర్శకుల బెంచీ మీద కూర్చున్నాను. పంపు గది ఊడ్చేవాళ్ళకే ఇవ్వాలని వదిన ప్రతిపాదించగానే, ఫోన్ల షాపుకు వత్తాసుగా వచ్చిన సభ్యుడు లేచి, "చీపుర్లకు ఇంకో గది ఎందుకండీ?" అన్నాడు. మా ఎందుకమ్మనే ఎందుకని అడిగేసరికి సభంతా గొల్లుమంది.

ఆవిడ నవ్వలేదు. "మరుగుదొడ్డికి," అంది. ఆ తర్వాత శనివారం అయిదింటి నుంచి పదకొండింటి దాకా తన ఒంట్లో ఏం జరిగిందో, గంట గంటకూ, వరసపెట్టి చెప్పింది. ఏ మాటా మింగలేదు. మగ సభ్యులు బల్ల మీద కాగితాలు సర్దుకున్నారు. వాళ్ళ మూడో అర్జీ మీద తను రాసిన ముక్క కూడా చదివి వినిపించింది. చేతులు లేచాయి. అన్నీ కాదు గానీ, సరిపోయినన్ని.

సామాను మా షాపు నుంచే వచ్చింది. బిల్లు గురించి అన్నయ్య నోరు తెరవబోతే నేను ఒక చూపు చూశాను. తలుపు ఎటు తెరుచుకోవాలి, గడియ ఎంత ఎత్తులో ఉండాలి, సంచీ తగిలించుకునే కొక్కెం ఏ వైపు కావాలి, అని వదిన పదకొండుమందినీ అడిగి మరీ పెట్టించింది. కొక్కేలు పదకొండు కావాలన్నారు. పదకొండూ పెట్టించింది.

రిబ్బను కట్టలేదు. తెల్లవారి అయిదింటికి తాళంచెవి పెద్దక్క చేతిలో పెట్టి, మా వదిన సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు పోసి అందించింది. పెద్దక్క గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగి ఆ తలుపును ఒకసారి చూసుకుంది. అప్పుడు తలెత్తి, గటగటా, అడుగు దాకా తాగేసింది. మూతి తుడుచుకుని గ్లాసు మళ్ళీ చాచింది.

"ఇంకొంచెం పొయ్యండమ్మా."