మా అమ్మమ్మ ఒంటికాలి పీట

మా అమ్మమ్మ ఫిలిబెర్త్‌కు వంట రాదు. ఈ సంగతి ఫ్రాన్సులో మా షిరూబ్ల్ కొండ మీద కుక్కలకు కూడా తెలుసు. ఆవిడ పెట్టిన గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, మర్యాదగా వెనక్కి తిరిగేవి. తెలియనిదల్లా మా పెద్దమ్మ సోలాంజ్‌కే. ఎనభై దాటిన ఆడమనిషికి తల నెరిసినట్టే వంట కూడా దానంతటదే వస్తుందని ఆవిడ నమ్మకం.

అమ్మమ్మకు వచ్చింది ద్రాక్ష కొయ్యడం. మా గామే రకం ద్రాక్షమొక్కలకు పందిరి ఉండదు. గులాబిరంగు రాతిపొడి నేలలో, కొండవాలున, ఒక్కోటీ తిరగేసిన గొడుగులా పొట్టిగా నిలబడుతుంది. గుత్తులు ఆ ఆకుల కిందెక్కడో దాక్కుంటాయి. యంత్రాలను రానివ్వం. పండు చితక్కుండా గుత్తికి గుత్తి తొట్టిలో పడితేనే మా వైన్‌కు ఆ ఎర్రపళ్ల వాసన, ఆ తేలికదనం. అందుకని సెప్టెంబరులో మా కొండ మీద మొహాలు కనబడవు, వంగిన నడుములే. అందరూ కత్తెరలతో కోస్తే అమ్మమ్మ మాత్రం తన తల్లి ఇచ్చిన వంకీ కత్తితో కోసేది. ఎడమచెయ్యి అడగడం, కుడిచెయ్యి తెంపి ఇవ్వడం, అంతే.

మా తాతయ్య క్లోద్యూస్‌ను పడేసింది కూడా ఆ కత్తే. తన సొంత తోటలో తనే అందరికంటే వెనకబడే మనిషి ఆయన. కొండ అవతలి ఊరినుంచి కోతకొచ్చిన ఈ పిల్ల తన వరుస ముగించి, వెనక్కొచ్చి, ఆయన వరుసలో సగం కూడా కోసిపెట్టి, “నీకు వేరే ఏదైనా పని వచ్చా?” అని అడిగిందట.

“బంగాళాదుంపలు బాగా వేయిస్తాను” అన్నాడట తాతయ్య.

పెళ్లిమాటలు అక్కడితో అయిపోయాయి. ఆనాటినుంచి ప్రతి కోతకూ ఆవిడ వరుసల్లో, ఆయన పొయ్యి దగ్గర. కూలీలందరికీ మా ఇంటి బల్ల మీదే భోజనం. తిండి బాగుంటే వాళ్లు ఏటా తిరిగొస్తారు, లేకపోతే పక్క తోటకు పోతారు. తాతయ్య పొయ్యి దగ్గరున్నంత కాలం మా కూలీలు ఎక్కడికీ పోలేదు.

కోత ముగిసిన రోజు రెవోల్ పండగ. ఆఖరి బండికి పూలు కట్టి, పాడుకుంటూ ఊరేగిస్తాం. ఆఖరి గుత్తిని మాత్రం ఎవరు పడితే వాళ్లు కొయ్యకూడదు. ఆ ఏడాది వరుసల్లో వంగి పనిచేసినవాళ్లలో వయసులో అందరికంటే పెద్దవాళ్లే కొయ్యాలి. వంటింటివాళ్లకూ తొట్ల దగ్గరివాళ్లకూ ఆ హక్కు లేదు. కొన్నేళ్లుగా ఆ గుత్తి అమ్మమ్మదే. ఆవిడ కోసేది, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన తాతయ్య నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ చాచి పట్టేవాడు. తాతయ్య తమ్ముడు గస్పార్ ఆవిడకంటే ఒక్క ఏడాది చిన్న. “ఏడాది ముందు పుట్టడం కూడా ఒక గొప్పేనా వదినా?” అని ఏటా సణిగేవాడు.

ఒక చలికాలం తాతయ్య పోయాడు. మరుసటి వేసవిలో అమ్మమ్మ మోకాలు వాచింది. గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. పెద్దమ్మ ఈ రెండు కష్టాలనూ పక్కపక్కన పెట్టి చూసి పరిష్కారం కనిపెట్టేసింది. పొయ్యి ఖాళీగా ఉంది, అమ్మా ఖాళీగా ఉంది.

“ఈసారి నువ్వు వంటింట్లో ఉండమ్మా. నీడపట్టున, కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు” అంది.

“ఆఖరి గుత్తి?”

“గస్పార్ బాబాయి కోస్తాడులే. ఎవరు కోస్తే ఏముంది, అదీ ద్రాక్షే కదా.”

అమ్మమ్మ కూతురివంక జాలిగా చూసింది. గడపలో నిలబడి ఉన్న గస్పార్ తాతయ్య అప్పుడే టోపీ తీసి, గాలిలో ఒక గుత్తి కోసి చూపించాడు.

“చెయ్యి ఆడించి చూసుకుంటున్నా వదినా. అలవాటు తప్పింది మరి.”

“తప్పడానికి అసలు ఉంటేగా” అంది అమ్మమ్మ, పొయ్యి ముట్టించడానికి వెళుతూ.

మొదటిరోజు పప్పు మాడింది. కొత్త పొయ్యి కదా అనుకున్నాం. పొయ్యి కొత్తది కాదని తర్వాత గుర్తొచ్చింది. మరునాడు దుంపలు పైన బొగ్గు, లోపల రాయి. ఉప్పు రెండుసార్లు పడిందని ఒకరన్నారు, మూడుసార్లని ఇంకొకరు. కూలీలు రొట్టె, మేకపాల జున్ను నంజుకుని లేచారు. ఆ మధ్యాహ్నం ఇద్దరు పక్క తోట గేటు దగ్గర నిలబడి అక్కడి కూర వాసన పీలుస్తుంటే నా కళ్లారా చూశాను.

అసలు దెబ్బ మాంసం కూరతో పడింది. తాతయ్య మాంసాన్ని ఎర్రవైన్ పోసి పొద్దున్నుంచీ ఉడికించేవాడు. అమ్మమ్మ కూడా పోసింది. కాకపోతే నేలమాళిగలోని సీసా వెతికే ఓపిక లేక, నాలుగు రోజుల కింద గుత్తులు నింపిన తొట్టి కుళాయి తిప్పి, బుసబుసలాడుతున్న రసం బిందెడు పట్టుకొచ్చింది. బల్ల మీదికొచ్చింది కూర కాదు, మాంసం ముక్కలు వేసిన జామ్.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు రెండోది పెట్టుకోలేదు.

“ఇందులో ఏం పోశావమ్మా?” అని పెద్దమ్మ గొంతు తగ్గించి అడిగింది.

“మీ నాన్న పోసిందే. వైన్.”

“అది ఇంకా వైన్ కాలేదే.”

“మరి నవంబరు దాకా వీళ్లని పస్తులుంచమంటావా?”

పెద్దమ్మ భర్త రెజిస్ పెదనాన్న నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆయన లియోన్ పట్నం మనిషి. ప్రతి కోతకూ సెలవు పెట్టుకొచ్చి, గుత్తులకంటే వేళ్లు ఎక్కువ కోసుకునేవాడు. అప్పటికి నాలుగు వేళ్లకు కట్లున్నాయి. అయినా తిండి తెలిసినవాడు కాబట్టి ఆ కూర వంక ప్రమాదంలో పోయినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నేను చూసింది ఇంకోటి. అందరికీ గరిటెతో వడ్డించిన అమ్మమ్మ కంచంలో కూర చుక్క లేదు. ముందుగుడ్డ జేబులోంచి రొట్టె, సాసేజీ ముక్క తీసి, గోడవైపు తిరిగి హాయిగా తింటోంది. నేను చూశానని ఆవిడ చూసింది. కన్ను గీటి, నాకూ ఒక ముక్క విసిరింది. నేను నోరు మూసుకున్నాను. నోట్లో సాసేజీ ఉన్నప్పుడు మాట్లాడకూడదు కదా.

బల్ల అవతలి చివర గస్పార్ తాతయ్య చెంచా కింద పెట్టి లేచాడు. ఆయనకు లోకంలో రెండే కోరికలు, ఆఖరి గుత్తి ఒకటి, అన్నగారి చేతి మాంసం కూర రెండోది. అన్న పోయాక కూరలో కనీసం జ్ఞాపకమైనా మిగులుతుందనుకున్నాడు పాపం.

“సోలాంజ్,” అన్నాడు బొంగురుగా, “మీ అమ్మను వంటింట్లోంచి బయటికి పంపు.”

“మరి ఆఖరి గుత్తి, బాబాయ్?”

ఆయన గిన్నెవంక చూశాడు, కిటికీలోంచి తోటవంక చూశాడు, మళ్లీ గిన్నెవంక చూశాడు. మనిషి ముఖం మీద అంత యుద్ధం నేను మళ్లీ చూడలేదు.

“గుత్తితో కడుపు నిండుతుందా,” అన్నాడు చివరికి.

“నాకు వినబడలేదు మరిదీ,” అంది అమ్మమ్మ. “చెవులు కూడా మోకాలిలాగే అయ్యాయి. అందరూ వినేటట్టు చెప్పు.”

“వరుసలోకి రా వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“కుడికాలు వద్దు, నొప్పి.”

బల్లంతా గొల్లుమంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. “గొంతుక్కూర్చోవద్దన్నాడు డాక్టరు,” అంది.

“గొంతుక్కూర్చుంటానని ఎవరన్నారు?”

అమ్మమ్మ వంటింటి తలుపు వెనక చెయ్యి పెట్టి మేకుకు వేలాడుతున్నదాన్ని తీసింది. తాతయ్య పాలు పితికే పీట. ఇంట్లో ఆవు ఉన్న రోజులది. గుండ్రటి చెక్క, దాని కింద ఒకే కాలు, నడుముకు కట్టుకునే తోలుపట్టీ. ఆవు పోయాక కూడా తాతయ్య దాన్ని కట్టుకునే దుంపలు చెక్కేవాడు. ఆయన వెళ్లిన దగ్గర్నుంచీ తలుపు వెనక ఎవరూ చూడలేదు. పెద్దమ్మ అమ్మమ్మను వంటింట్లోకి తోయకపోతే ఆవిడ కంట పడేదే కాదు.

పట్టీకి అమ్మమ్మ కొత్త చిల్లు పొడవాల్సొచ్చింది. తాతయ్య సన్నం.

“వంట ఎవరు చేస్తారు మరి?” అని పెద్దమ్మ ఆఖరి అస్త్రం వేసింది.

రెజిస్ పెదనాన్న కట్లు కట్టిన చెయ్యి పైకెత్తాడు. బడిలో కూడా అంత ఆశగా ఎత్తి ఉండడు.

మరునాటినుంచి మా కొండ ఒక వింత చూసింది. మా అమ్మమ్మ వెనకాల కర్రతోక ఆడించుకుంటూ వరుసలో నడుస్తుంది. మొక్క దగ్గర ఆగుతుంది. తోకను వాలులో గుచ్చి దాని మీద కూర్చుంటుంది, ముందు వంకీ కత్తి మెరుస్తుంది. నాలుగు కాళ్ల కుర్చీ ఆ వాలు మీద దొర్లిపోయేది, ఒంటికాలు మాత్రం గట్టిగా నిలబడింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు కార్లు ఆపి చూసేవారు. “కొత్త జాతి, చేతిపని బాగా వచ్చు,” అని గస్పార్ తాతయ్య వాళ్లకు వివరించేవాడు. వంటింట్లోంచి వెన్నలో వేగుతున్న దుంపల వాసన రాగానే మాత్రం అందరికంటే ముందు ఆయనే వరుస వదిలేవాడు.

రెవోల్ నాడు మొదటి తొట్టిని గానుగలో వేశాం. గానుగ అడుగునుంచి గులాబిరంగులో కారే తియ్యటి రసాన్ని మేము స్వర్గం అంటాం. అందరం గ్లాసులు పట్టి ఆ స్వర్గం రెండేసి విడతలు తాగి, పాడుకుంటూ కొండెక్కాం. ట్రాక్టరు నిండా డాలియా పూలు. ఆఖరి మొక్క చుట్టూ నిలబడ్డాం.

అమ్మమ్మ తోక గుచ్చి కూర్చుంది. ఆకులు పక్కకు తోసింది. కత్తి ఆనించి ఆగింది. గుత్తి తెగాక ఎక్కడ వెయ్యాలో ఆవిడకు తెలియలేదని నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. పాట కూడా ఆగిపోయింది.

వెనకాల ఎవరో రొప్పుతున్నారు. రెజిస్ పెదనాన్న వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. మోచేతుల దాకా పిండి, నడుముకు తాతయ్య ముందుగుడ్డ.

అమ్మమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“బంగాళాదుంపలు వేయించావా అల్లుడూ?”

“వేయించానత్తయ్యా.”

“అయితే పట్టు.”

గుత్తి ముందుగుడ్డలో పడింది. కేకలు, చప్పట్లు. ఆ సంబరంలో అమ్మమ్మ గబుక్కున లేవబోతే తోక నేలలోంచి ఊడిరాలేదు. కాళ్లు గాలిలోకి లేచాయి, మనిషి ఆకుల్లోకి వెల్లకిలా పడింది. అక్కణ్ణుంచే నవ్వుతోంది. గస్పార్ తాతయ్య చెయ్యి అందించి లేపాడు.

“వచ్చే ఏడాది ఈ పీట నాకివ్వు వదినా. గుత్తి కూడా.”

“పీట తీసుకో,” అంది అమ్మమ్మ, జుట్టులోంచి ఆకులు దులుపుకుంటూ. “వచ్చే ఏడు కూడా నీకంటే ఏడాది పెద్దదాన్నే.”