అవ్వ జాజు పూసిన గోడ

మొన్న హైదరాబాదులో నా బిడ్డ నన్నూ, తమ్ముణ్నీ ఒక బొమ్మల ప్రదర్శనకు తీసుకుపోయింది. బహుమతుల పోటీకి వచ్చిన బొమ్మలట. బొమ్మలంటే అద్దాలు బిగించి గోడకు తగిలించినవి అనుకున్నాను. తీరా చూస్తే ఒక గదిలో విరిగిన కుర్చీల గుట్ట, ఇంకో గదిలో టీవీ. ఆ టీవీలో ఒకాయన ఒకే పళ్లేన్ని కడుగుతూనే ఉంటాడు, కడగడం ఎంతకూ అయిపోదు. నేను యాభై ఏళ్లు బోళ్లు తోమాను, ఎవరూ నన్ను నిలబెట్టి పైనుంచి దీపం వేయలేదు. ఆ మాటే అంటే నా బిడ్డ "మెల్లగ మాట్లాడమ్మా, అందరు ఇంటున్నరు" అంది. తమ్ముడు ఎప్పటిలాగే కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని మా వెనక నడిచాడు. మొదటి బహుమతి వచ్చింది చివరి గదిలో ఉంది. అది ఒక గోడ. ఎవరో పిల్ల, మా దిక్కు పిల్లేనట, కూలగొడుతున్న పాత ఇంటి గోడను పెచ్చులు పెచ్చులుగా ఊడదీసి తెచ్చి ఇక్కడ అతికించింది. పైన సున్నం, సున్నం రాలిన చోట ఎర్రమట్టి జాజు, ఆ జాజు కింద ఎర్ర రంగు అక్షరాల తునకలు. ముట్టుకోవద్దని ముందర తాడు కట్టారు. అది మా గోడ కాదు, అయినా అచ్చం మా గోడ లెక్కనే ఉంది. అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను.

మా ఇల్లు కోరుట్ల నుంచి జగిత్యాల పోయే తోవలో, బస్సు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. మా ఖర్మ ఏమిటంటే మా గోడ చాలా మంచి గోడ. మేము అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. బాపు పోయాక మట్టి మెత్తడం, సున్నం వేయడం అన్నీ అవ్వే. అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు జారిస్తే ఎక్కడా తట్టుకునేది కాదు. రాసేవాళ్లకు కావలసింది అట్లాంటి గోడే. ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే దాని నిండా దళం వాళ్ల నినాదాలు, ఒక్కో అక్షరం మనిషంత. పొద్దెక్కేసరికి పోలీసు జీపు వచ్చింది, సాయంత్రానికల్లా ఒక్క అక్షరం కనిపించొద్దన్నారు. అవ్వ సున్నం వేసింది. వారం తిరగకముందే అటునుంచి కబురు, మా రాతలు ఎవరు తుడిపిండ్లని. మళ్లీ రాత, మళ్లీ జీపు, మళ్లీ సున్నం. నవ్వులాట కాదు అది. చందుర్తి దిక్కు నుంచో, ఇంకో దిక్కు నుంచో రోజూ ఒక చావు కబురు వచ్చే కాలం, మాయమైన పిల్లల కోసం తల్లులు స్టేషన్ల వెంట తిరిగే కాలం. అయినా అవ్వ నోరు ఊరుకునేది కాదు. "ఊరికి ఒక్క దొర ఉంటడు, నా గోడకు ఇద్దరు దొరలైరి" అనేది.

తమ్ముడు అప్పుడు సిరిసిల్లలో సాంచలు, అంటే పవర్‌లూములు నడిపేవాడు. ఒక్కడే నాలుగు సాంచలు చూసుకునేవాడు. పోగు తెగితే కన్ను మూసి తెరిచేలోగా ముడి పడేది, ఆ వేళ్లు అట్లాంటివి. ఎల్లంతకుంట పిల్లతో లగ్గం కుదిరింది. లగ్గమంటే ఇంటికి సున్నం, జాజు తప్పవు. గోడకు పైన తెల్లగా సున్నం, కింద మోకాలెత్తు ఎర్రమట్టి జాజు, అది మా దిక్కు ఆచారం. కానీ సున్నం ఎన్ని పూతలు వేసినా, ఆరిందంటే అడుగు నుంచి ఆ ఎర్ర అక్షరాలు మెల్లగా పైకి తేలేవి. అవ్వ రెండు రోజులు గోడ ముందు కూర్చుని ఆలోచించింది. "సున్నంల అచ్చరాలు ఆగుతలేవు బిడ్డా. ఈపారి గోడంత జాజే పూస్త. పోలీసోళ్లకు రాత కనవడది. అటోళ్లు అడిగితె లగ్గమని చెప్త" అంది. నేను జాజు గడ్డలు నానబెట్టి కలిపి ఇచ్చాను, ఆమె గుడ్డ పీలికతో కింది నుంచి చూరు దాకా రెండు పూతలు పూసి, అంచున సున్నంతో చుక్కలు పెట్టింది. ఇద్దరు దొరలనూ ఒక్క దెబ్బతో గెలిచినట్టు ఆ పూట కడుపు నిండా తిన్నది.

లగ్గం మూడు రోజులుందనగా తమ్ముడు మధ్యాహ్నం బస్సు దిగాడు. దిగి రోడ్డు దాటలేదు. సంచి భుజాన వేసుకుని అవతలే నిలబడి గోడను చూస్తున్నాడు. జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు, జాజు అంటే ఏమిటో ఎరుగడు. ఆయనకు కనిపించింది రెండే: నినాదాలు ఉండే గోడ ఇప్పుడు మొత్తం ఎర్రగా ఉంది, దాన్ని ఒక పడుచువాడు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. అవ్వ చేతులకు జాజు అట్లాగే ఉంది, పరుగెత్తుకు వెళ్లి ఆ చేతులు జోడించింది. "లగ్గం సారూ, గిది జాజు. నేనే పూసిన, నన్ను తీస్కపొండ్రి" అంది. "లగ్గానికి ఇంత ఎరుపెందుకు?" అని తమ్ముణ్ని ఎక్కించుకుని పోయాడు. ఐదు రోజులు. అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆరో రోజు తమ్ముడు నడిచే వచ్చాడు, కానీ కుడి చేతి బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు ఇక వంగలేదు. కోరుట్లలో చూపిస్తే ఇంతేనన్నారు. పిల్ల తరపు వాళ్లు మంచివాళ్లు, పెట్టిన ముహూర్తం దాటిపోయినా లగ్గం ఆగలేదు. సాంచలే ఆగాయి. ముడి వేయలేని చేతికి సాంచ ఎవరిస్తారు? బతుకంతా ఒక గోదాము ముందు కావలి కాశాడు.

అవ్వ ఆ గోడను పారతో గీకేసింది. మళ్లీ ఎన్నడూ జాజు ముట్టలేదు, ఎన్ని పండుగలు వచ్చినా మా గడప బోడిగానే ఉండేది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది. నేను ఎప్పుడు పోయినా ఒకటే అడిగేది. "వాడు నన్నేమన్న అంటడా బిడ్డా?" లేదవ్వా అనేదాన్ని. నిజమే, వాడు ఏమీ అనలేదు. గోడ ఊసే ఎత్తలేదు. తిట్టినా ఆమెకు నిమ్మళమయ్యేది. ఆఖరు రోజుల్లో నేను తట్టుకోలేక ఒక అబద్ధం ఆడాను. అవ్వ తప్పేమీ లేదని తమ్ముడు అన్నాడని చెప్పాను. అవ్వ నా ముఖం చూసి గోడవైపు ఒత్తిగిలింది. "గది వాని మాట లెక్క లేదు, నీ మాట లెక్కున్నది" అంది.

ఇదంతా తలుచుకుంటూ కూర్చున్నానా, చూస్తే తమ్ముడు జేబులోంచి చెయ్యి తీసి తాడు మీదికి వంగాడు. కావలి పిల్లవాడు దూరం జరగమన్నాడు. జరిగి నా పక్కన కూర్చున్నాడు.

"గిది ఒక్క పూతనే అక్కా. అవ్వ రెండు పూతలు పూసింది" అన్నాడు. గోడను చూస్తూనే మళ్లీ అన్నాడు. "నాడు బస్సు దిగి గందుకే నిలవడ్డ. గంత మంచి గోడ ఊర్ల ఎవ్వలకు లేకుండె. అవ్వకు చెప్దామనుకున్న, జీపచ్చింది."

"తర్వాతన్న చెప్పకపోతివేందిరా?"

"గోడ మాటెత్తితె నా చెయ్యి దిక్కు చూసి ఏడుస్తదని ఎత్తలె."

నాకు ఏడుపు ఆగలేదు. నా బిడ్డ కంగారు పడి నీళ్ల సీసా తెచ్చింది. ఇరవై ఏళ్లు అవ్వ అడిగిన మాటకు జవాబు ఇప్పుడు నా దగ్గర ఉంది, వాని మాట లెక్కనే ఉంది. పోయి చెబుదామంటే ఆ ఇల్లు లేదు, ఆమె లేదు. ఎంత ఆలస్యమైనా కాలం మాటను తెచ్చి ఇస్తుంది గానీ, వినేవాళ్లను మాత్రం అంతదాకా ఉండనివ్వదు.